యుద్ధానికి ఇద్దరు దేవతలు

లోకం ఎథీనాను గుర్తుపెట్టుకుంది, ఎనియోను మరిచిపోయింది. ప్రాచీన గ్రీకులు మాత్రం ప్రమాణం చేసేటప్పుడు ఇద్దరి పేర్లూ పలికారు.

క్రీ.పూ. 82 నవంబరు. రోమ్ నగర ద్వారం దగ్గర జరిగిన పోరులో సుల్లా అనే సేనాని సొంత దేశస్థుల మీదే గెలిచి నగరానికి యజమాని అయ్యాడు. వెంటనే సెనేట్ సభ్యుల్ని ఒక గుడికి పిలిపించి ప్రసంగం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, పక్కనున్న సర్కస్ మైదానంలో, లొంగిపోయిన బందీలను అతని సైనికులు నరకడం మొదలుపెట్టారు. వాళ్లు ఆరు వేల మంది అని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఇరుకైన చోట అంతమంది ఒకేసారి చస్తుంటే ఆ అరుపులు గుడిలోకి వినిపించాయి. సభ్యులు బిత్తరపోయారు. సుల్లా ముఖంలో ఏ మార్పూ లేదు. బయట సంగతి పట్టించుకోవద్దని, కొందరు నేరస్థులకు తన ఆజ్ఞ మీద బుద్ధి చెబుతున్నారని, తను చెప్పేది శ్రద్ధగా వినమని అన్నాడు.

ఆ గుడి యుద్ధ దేవతది. లాటిన్‌లో ఆమె పేరు బెలోనా. ప్లూటార్క్ రాసింది గ్రీకులో కాబట్టి అతను దాన్ని ‘ఎనియో గుడి’ అన్నాడు. లూకన్, స్టేషియస్ లాంటి లాటిన్ కవులు కూడా కొన్నిచోట్ల ఆ గ్రీకు పేరునే వాడుకున్నారు. ఇంగ్లిష్‌లోకీ అది అలాగే వచ్చింది. అయినా గ్రీకు యుద్ధ దేవత ఎవరని అడిగితే నూటికి తొంభైమంది చెప్పే పేరు ఎథీనా. అదీ తప్పు కాదు. గ్రీకులకు యుద్ధ దేవతలు ఇద్దరు. ఒకరి పేరు చెప్పి ఊరుకుంటే యుద్ధం గురించి సగమే చెప్పినట్టని ఆ ప్రాచీనులకు తెలుసు. మనం పోగొట్టుకున్నది ఆ తెలివినే.

హోమర్ చెప్పిన తేడా

‘ఇలియడ్’ ఐదో సర్గలో డయొమీడిస్ అనే గ్రీకు వీరుడు అఫ్రొడైటీని తరుముతాడు. ఆమె యుద్ధరంగానికి చెందిన దేవత కాదని అతనికి తెలుసు. యుద్ధాన్ని ఏలే దేవతలెవరో చెప్పడానికి అక్కడ హోమర్ రెండే పేర్లు తీసుకుంటాడు. ఒకరు ఎథీనా, రెండోవారు నగరాలను నేలమట్టం చేసే ఎనియో.

అక్కణ్నుంచి ఇద్దరి దారులూ వేరు. అదే సర్గలో ఎనియో మరోసారి వస్తుంది, ట్రాయ్ సేన ముందు, యుద్ధ దేవుడు ఆరెస్ పక్కన. రణగొణధ్వనికే ఒక రూపమిచ్చి, దాన్ని ఆమె వెంటబెట్టుకుని నడుస్తున్నట్టు చెబుతాడు కవి. అంతే. హోమర్ ఆమె నోట ఒక్క మాట పలికించలేదు. ఆమెకు తల్లిదండ్రుల్ని చెప్పలేదు, అలకలు, ఇష్టాలు చెప్పలేదు. నాకు ఇది కవి మరిచిపోయి వదిలేసిన ఖాళీలా అనిపించదు. గొంతు కోసే క్షణానికి కథ ఉండదు, వాదన ఉండదు. దాన్ని మాట్లాడనివ్వకపోవడమే దాని స్వభావాన్ని చూపించడం.

ఎథీనా మాత్రం అడుగడుగునా మాట్లాడుతుంది. మొదటి సర్గలోనే అగమెమ్నాన్ మీద అకిలీస్ కత్తి దూయబోతుంటే వెనకనుంచి వచ్చి అతని జుట్టు పట్టుకుని ఆపుతుంది. యుద్ధ దేవత కావ్యంలో చేసిన మొదటి పని కత్తిని ఒరలోకి పంపడం! అలాగని ఆమె మెత్తనిది కాదు. డయొమీడిస్ ఈటెను తన చేత్తో నెట్టి ఆరెస్ పొట్టలో దింపిస్తుంది. ఆరెస్ పెట్టిన కేక తొమ్మిది పదివేల మంది ఒక్కసారి అరిచినట్టుందంటాడు హోమర్. ఇరవై ఒకటో సర్గలో అదే ఆరెస్‌ను రాయి పెట్టి కొట్టి పడగొడుతుంది. ఆమెకు లెక్క ఉంది, గురి ఉంది, ఎక్కడ ఆగాలో తెలుసు. ఆ ఆగడం తెలియని యుద్ధం పేరే ఎనియో.

కవి ఊహించి వేసిన జంట కాదిది. 1900లో ఆర్థర్ ఎవాన్స్ క్రీట్ దీవిలో నాసోస్ దగ్గర తవ్వకాలు మొదలుపెట్టి వందలకొద్దీ మట్టిపలకలు వెలికితీశాడు. వాటి మీది లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించేదాకా ఎవరికీ అర్థం కాలేదు. వృత్తిరీత్యా ఆయన భవనాల రూపశిల్పి. అలా చదవగలిగిన పలకల్లో ఒకదాని మీద కొందరు దేవతల పేర్లున్నాయి. ముందు ‘అతానా పోత్నియా’, అంటే అతానా అమ్మవారు. ఎథీనా తొలిరూపం ఇదేనని పండితుల అభిప్రాయం. ఆమె తర్వాతి పేరు ఎనుయాలియోస్. ఎనియోకు జోడీగా చెప్పే పురుష యుద్ధ దేవుడు. దాదాపు 3,400 ఏళ్ల నాటి పలక అది. హోమర్ కంటే ఎన్నో వందల ఏళ్ల ముందే ఆ రెండు పేర్లూ పక్కపక్కన పడ్డాయి.

బంగారు చీర లెక్క

ఎథీనా అనగానే విజ్ఞానం, గుడ్లగూబ, ఆలివ్ కొమ్మ గుర్తుకొస్తాయి. విశ్వవిద్యాలయాల ముద్రికల మీద ఆమె ముఖం చూసి చూసి ఆమెను కేవలం చదువుల తల్లిగా చేసేశాం. ఏథెన్స్ ప్రజలు ఆమెను అలా చూడలేదు. అక్రొపోలిస్ కొండ మీద శిల్పి ఫీడియాస్ చేసిన కంచు ఎథీనా బల్లెం మొనను, శిరస్త్రాణం తురాయిని సూనియం వైపు నుంచి వచ్చే ఓడలవాళ్లు సముద్రం మీదనుంచే చూడగలిగేవారని యాత్రికుడు పసేనియస్ రాశాడు. ఊరికి వచ్చేవారికి మొదట కనిపించేది ఆమె ఆయుధం.

క్రీ.పూ. 438లో పార్థినాన్‌లో నిలబెట్టిన విగ్రహం ఇంకో మెట్టు పైది. దాదాపు 12 మీటర్ల ఎత్తు, చర్మం దంతం, వస్త్రం బంగారం. కుడి అరచేతిలో విజయ దేవత నైకీ. ఆ బంగారాన్ని విగ్రహం నుంచి విప్పుకోవడానికి వీలుగా అమర్చారు. క్రీ.పూ. 431లో స్పార్టాతో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ నగర ఖజానా లెక్క చెబుతూ, అవసరమైతే అమ్మవారి ఒంటి మీది 40 టాలెంట్ల బంగారం కూడా తీసి వాడుకోవచ్చని, తర్వాత తిరిగి చెల్లించాలని చెప్పినట్టు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. టాలెంట్ అంటే మన లెక్కలో సుమారు 26 కిలోలు. ఆ మాట వందేళ్లు దాటాక నిజమైంది. లకారిస్ అనే నియంత సైనికుల జీతాల కోసం ఆ బంగారాన్ని ఒలిచేశాడు.

పార్థినాన్ కట్టిన కాలానికి ఏథెన్స్ ఒక సామ్రాజ్యం. పర్షియాను ఎదుర్కోవడానికి దీవులు, రేవు పట్నాలు కలిసి పెట్టుకున్న కూటమి ఖజానాను క్రీ.పూ. 454లో డీలోస్ దీవి నుంచి ఏథెన్స్‌కు తరలించారు. అప్పటినుంచి ప్రతి ఊరు కట్టే కప్పంలో అరవయ్యో వంతు ఎథీనా వాటా. ఎవరి నుంచి ఎంత వచ్చిందో పాలరాతి మీద చెక్కించారు. ఆ రాళ్ల ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఏథెన్స్‌లో అమ్మవారి పేరు మీద నడిచిన ఆ పద్దు అందమైన శిల్పాలనే కాదు, యుద్ధనౌకలనూ గుర్తుచేస్తుంది.

ఆ నౌకలు క్రీ.పూ. 416లో మీలోస్ అనే చిన్న దీవిని చుట్టుముట్టాయి. ఎవరి పక్షమూ చేరకుండా ఉండనివ్వమని ఆ దీవివాళ్లు అడిగారు. ఒప్పుకోలేదు. ముట్టడి తర్వాత, చేతికి చిక్కిన వయోజన పురుషులందరినీ చంపి, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మారు. చర్చ, తర్కం, ప్రజాసభ, ఓటు, ఇవన్నీ ఉన్న నగరం చేసిన పని ఇది. ఎథీనా ఊరువాళ్లు ఎనియో పని చేశారు.

అది జరిగిన కొద్ది నెలలకు, క్రీ.పూ. 415 వసంతంలో, అదే ఏథెన్స్ రంగస్థలం మీద యూరిపిడిస్ ‘ట్రోజన్ స్త్రీలు’ నాటకం ప్రదర్శించాడు. నాటకం మొదట్లోనే ఎథీనా వస్తుంది. గెలిచిన తన గ్రీకుల మీదే ఆమెకు కోపం. తన గుడిలో శరణు కోరిన ట్రాయ్ రాజకుమార్తె కసాండ్రాను గ్రీకు వీరుడు అయాస్ ఈడ్చుకుపోతే సాటి గ్రీకులెవరూ ఒక్క మాట అనలేదు. తిరుగు ప్రయాణంలో వాళ్ల ఓడలను ముంచమని సముద్ర దేవుడు పొసైడన్‌ను ఆమె కోరుతుంది. మీలోస్‌కు సైన్యాన్ని పంపిన పౌరులు ఆ ప్రదర్శనకు ప్రేక్షకులు. వాళ్ల మొహం మీద వాళ్ల దేవత చేతే ఆ మాట అనిపించిన రచయిత ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల ప్రమాణం

ఇద్దరు దేవతలూ పక్కపక్కన నిలబడిన చోటు ఒకటుంది. ఏథెన్స్‌కు ఉత్తరాన ఆకార్నే అనే పల్లె ఉండేది. బొగ్గులు కాల్చి అమ్ముకునేవాళ్లకు పేరుపడ్డ ఊరు. క్రీ.పూ. 431లో స్పార్టా సేన వచ్చి మొదట పాడుచేసిన పొలాల్లో ఈ ఊరివీ ఉన్నాయి. తమ చేలు కాలిపోతుంటే గోడల లోపలినుంచి చూస్తూ కూర్చోవాల్సి వచ్చిన జనం వాళ్లు. ఆ ఊళ్లో దొరికిన, క్రీ.పూ. నాలుగో శతాబ్దపు రాతిఫలకం మీద ఒక ప్రమాణం చెక్కి ఉంది. దాన్ని సమర్పించినవాడు ఆరెస్‌కూ, ఎథీనా ఆరెయాకూ, అంటే యుద్ధరూపంలోని ఎథీనాకూ, పూజారి.

ఏథెన్స్ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు నిండితే సైనిక శిక్షణలో చేరాలి. చేరేముందు ఈ ప్రమాణం చెయ్యాలి. ఆయుధాలకు మచ్చ తీసుకురానని, వరసలో పక్కన నిలబడ్డవాణ్ని విడిచి పారిపోనని, దేశాన్ని తాను అందుకున్నదానికంటే తగ్గించి తర్వాతివారికి అప్పగించనని, చట్టాలకు లోబడతానని. అక్కడితో అయిపోలేదు. సాక్షులెవరో చెప్పాలి. మొదటి పేరు అగ్లారస్, నగరం కోసం కొండ మీదనుంచి దూకి ప్రాణమిచ్చిందని ఏథెన్స్ వాళ్లు చెప్పుకునే రాజకుమార్తె. తర్వాత ఇంటి పొయ్యికి దేవత హెస్టియా. ఆ వెంటనే ఎనియో, ఎనుయాలియోస్, ఆరెస్, ఎథీనా. ఇంకొందరు దేవతల తర్వాత దేశపు పొలిమేరలు, గోధుమలు, బార్లీ, ద్రాక్షతీగలు, ఆలివ్ చెట్లు, అంజూరలు సాక్షులు.

ఈ వరసను మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తుంది. వంటింటి పొయ్యికీ పొలంలో పంటకీ మధ్య ఎనియో పేరు ఉంది. నువ్వు కాపాడబోయేవి ఇవి, కాపాడేటప్పుడు నీ చేతుల మీదుగా జరగబోయేది ఇది అని ఆ కుర్రాడికి దాచకుండా చెప్పారు. ఇవాళ ఏ దేశమైనా కుర్రాళ్లను యుద్ధానికి పంపేటప్పుడు ఎథీనా మాటలు చెబుతుంది. రక్షణ, వ్యూహం, గౌరవం. ఎనియో పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. తిరిగొచ్చిన సైనికుడు రాత్రిళ్లు నిద్రపట్టక లేచి కూర్చుంటే అప్పుడు ఆశ్చర్యపోతాం.

ఈ ప్రమాణం పక్కన నాటకకర్త ఇస్కిలస్ చూపించిన ప్రమాణాన్ని కూడా పెట్టి చూడాలి. క్రీ.పూ. 467 నాటి ‘థీబ్స్ మీదికి ఏడుగురు’ నాటకంలో ఏడుగురు సేనానులు డాలు మీద ఎద్దును కోసి, ఆ నెత్తుట్లో చేతులు ముంచి ప్రమాణం చేస్తారు. వాళ్లు తలచుకునేది ఆరెస్‌ను, ఎనియోను, భయాన్ని. ఆ వరసలో ఎథీనా లేదు. నగరాన్ని కాపాడేవాళ్లకు ఇద్దరూ సాక్షులైతే, నగరాన్ని కూల్చడానికి వచ్చినవాళ్లకు ఎనియో ఒక్కతే చాలింది.

రోమ్ చేసిన పంపకం

పరాయి దేవుళ్లను తమ దేవుళ్లతో జోడీ కట్టడం రోమన్ల అలవాటు. ఎథీనాను తమ మినర్వా అనుకున్నారు. ఎనియోను బెలోనా అనుకున్నారు. మనకూ ఆ ఆశ పుడుతుంది, ఎథీనాలో సగం సరస్వతిని, సగం దుర్గను చూడాలని. అలా చూస్తే రోమన్లు పోగొట్టుకున్నదే మనమూ పోగొట్టుకుంటాం.

మినర్వాకు మూలం ఇటలీలోని ఎట్రస్కన్ల దేవత మెన్రవా. రోమ్ కాపిటోలిన్ కొండ మీద జూపిటర్, జూనోలతో పాటు ముగ్గురిలో ఒకరుగా కొలువుతీరింది. ఆమె పండుగ మార్చి 19న మొదలయ్యేది. నేతగాళ్లు, రంగులద్దేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, వైద్యులు, పంతుళ్లు పూజ చేసేవారు. పిల్లలు అప్పుడే గురువులకు రుసుము చెల్లించేవారు. అవెంటైన్ కొండ మీది ఆమె గుడి రచయితలకు, నటులకు సంఘం కార్యాలయం. చేతిలో బల్లెం ఉంది గానీ దాని పదును తగ్గింది. ఇంగ్లండ్‌లోని బాత్ పట్నంలో, వేడినీటి ఊట దగ్గర స్థానిక దేవత సూలిస్‌తో కలిసి సూలిస్ మినర్వా అయింది. స్నానానికి వచ్చి బట్టలో, ఉంగరమో పోగొట్టుకున్నవాళ్లు దొంగకు శాపం పెట్టమని సీసపు రేకుల మీద రాసి ఆ ఊటలో వేసేవారు. అలాంటివి దాదాపు 130 దొరికాయి. హైదరాబాద్‌లో మినర్వా పేరు ఫలహారశాల బోర్డు మీద ఉంది. ఎక్కడికి వెళ్లినా మినర్వా జనం మధ్యే ఉంటుంది.

బెలోనాను మాత్రం ఊరి పొలిమేర బయట పెట్టారు. క్రీ.పూ. 296లో ఎట్రస్కన్లు, సామ్నైట్లతో పోరాడుతూ అప్పియస్ క్లాడియస్ ఆ గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడు. తర్వాత అంధుడై ‘గుడ్డి అప్పియస్’గా చరిత్రకెక్కాడు. అధికార చిహ్నాలతో ఉన్న సేనాని నగరం హద్దు దాటి లోపలికి రాకూడదు. అందుకని విజయోత్సవం కోరే సేనానుల మొరను, పరదేశపు రాయబారులను సెనేట్ ఈ గుడిలోనే వినేది. సుల్లా సభ్యుల్ని అక్కడికి పిలవడానికి కారణమూ అదే.

గుడి ముందు ఒక చిన్న స్తంభం ఉండేది. యుద్ధం ప్రకటించాలంటే పూర్వం పూజారి శత్రుదేశపు సరిహద్దుకు వెళ్లి ఈటె విసరాలి. సముద్రం అవతలి ఎపిరస్ రాజు పిరస్‌తో యుద్ధం వచ్చినప్పుడు అంతదూరం పోయేదెలా? పట్టుబడిన పిరస్ సైనికుడి చేత గుడి దగ్గర కాస్త నేల కొనిపించారట. చట్టప్రకారం అది శత్రువు భూమి. ఇక ఎప్పుడు ఏ దేశం మీద యుద్ధమైనా స్తంభం మీదుగా ఆ నేలలోకి ఈటె విసిరితే సరిపోయింది. క్రీ.పూ. 32లో రోమన్ నేత ఆక్టేవియన్ ఈ గుడి దగ్గరే ఈజిప్టు రాణి క్లియోపాత్రా మీద యుద్ధం ప్రకటించాడు. అతను నిజంగా తలపడాల్సింది రోమన్ సేనాని మార్క్ ఆంటొనీతో. సొంతవాడి మీద యుద్ధం అని చెప్పలేక పరాయి రాణి పేరు పెట్టాడు. ప్రాణాలు తీసే నిర్ణయాన్ని లాంఛనంగా మార్చడంలో రోమ్‌ను మించినవారు లేరు. గ్రీకులు ఎనియోకు మాటలివ్వలేదు. రోమన్లు బెలోనాకు విధివిధానాలు ఇచ్చారు. మొదటిదే నిజాయితీ అని నా నమ్మకం.

మన గడ్డ మీద ఎథీనా

ఎథీనా తూర్పుకు కూడా నడిచింది. క్రీ.పూ. రెండో శతాబ్దంలో కాబూల్ నుంచి పంజాబ్ దాకా ఏలిన ఇండో-గ్రీకు రాజు మినాండర్ వెండి నాణేల మీద ఒకవైపు రాజు ముఖం, గ్రీకు అక్షరాలు. రెండోవైపు డాలు పట్టుకుని పిడుగు విసరబోతున్న ఎథీనా, ఆమె చుట్టూ ప్రాకృతంలో, ఖరోష్ఠీ లిపిలో రాజు పేరు. భిక్షువు నాగసేనుడిని ప్రశ్నలడిగిన మిళిందుడిగా మన బౌద్ధ సాహిత్యంలో నిలిచిపోయింది ఈ మినాండరే. సత్యం కోసం అడిగిన రాజు నాణెం మీద పిడుగెత్తిన దేవత. ఎనియో ఆ నాణేల మీద లేదు.

గుడ్లగూబ, గ్రహశకలం

తర్వాతి కాలంలో చిత్రకారులు ఇద్దరినీ కలిపేశారు. 1633లో రెంబ్రాంట్ వేసిన బెలోనా చేతి డాలు మీద మెడూసా తల ఉంటుంది. అది ఎథీనా గుర్తు. ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

1854 మార్చి 1న జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్ లూథర్ ఒక గ్రహశకలం కనిపెట్టాడు. బ్రిటన్, ఫ్రాన్స్ రష్యా మీద యుద్ధం ప్రకటించింది ఆ నెల చివర్లోనే. క్రిమియా యుద్ధం గుర్తుగా దానికి బెలోనా అని పేరు పెట్టారు.

అదే యుద్ధంలో పేరు తెచ్చుకున్న బ్రిటిష్ నర్సు ఫ్లారెన్స్ నైటింగేల్ 1850లో ఏథెన్స్ వెళ్లినప్పుడు పార్థినాన్ దగ్గర పిల్లల చేతికి చిక్కిన చిన్న గుడ్లగూబను కాపాడి తెచ్చుకుంది. దానికి ఎథీనా అని పేరుపెట్టి జేబులో పెట్టుకు తిరిగేది. ఆమె క్రిమియా యుద్ధానికి బయల్దేరే హడావుడిలో అది చనిపోయింది. లండన్‌లోని ఆమె మ్యూజియంలో భద్రపరిచిన దాన్ని ఇప్పటికీ చూడొచ్చు. 1854 నవంబరులో 38 మంది నర్సులతో ఆమె స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. అక్కడ చూసినదాన్ని ఆమె కన్నీళ్లతో వదిలేయలేదు, లెక్క కట్టింది. నెల నెలా ఎంతమంది ఎందువల్ల చనిపోయారో విభజించి 1858లో ఒక రేఖాచిత్రం ప్రచురించింది. ఎరుపు గాయాలతో పోయినవారికి, నీలం నివారించగలిగిన రోగాలతో పోయినవారికి. చిత్రంలో నీలం ముందు ఎరుపు చాలా చిన్నది. మురికి కాలువలు, కలుషితమైన నీరు, కిక్కిరిసిన పడకలు శత్రువు తుపాకీ కంటే ఎక్కువమంది బ్రిటిష్ సైనికులను చంపాయని పాలకులు ఆ కాగితం మీద తమ కళ్లతో చూడాల్సి వచ్చింది.